పదకొండు నిమిషాల పడవ

మా తమ్ముణ్ణి మీరు చూసుండరు. వాడు చేసిన పని మాత్రం మీ ముక్కు మీదే ఉండొచ్చు. కళ్ళజోళ్ళ షాపులో వెనకగదిలో కూర్చుని అద్దాలు కోస్తాడు వాడు. ముందు నవ్వుతూ ఫ్రేములు చూపించే అమ్మాయి వేరు, చీకటి గదిలో అక్షరాలు చదివించే డాక్టరు వేరు. వాళ్ళు రాసిన చీటీ గోడకున్న చిన్న కిటికీలోంచి లోపలికొస్తుంది. వీడు గుండ్రటి అద్దం తీసుకుని, ఫ్రేము ఆకారానికి మెషిన్ మీద అంచు అరగదీసి, బిగించి, గుడ్డతో తుడిచి, మళ్ళీ అదే కిటికీలోంచి బయటికి తోస్తాడు. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. ఊళ్ళో సగం మంది వాడు కోసిన అద్దాల్లోంచే చూస్తున్నారు, ఒక్కడికీ వాడి మొహం తెలీదు.

వాడికి నత్తి లేదు. మాటలు బాగానే వస్తాయి, కాకపోతే ఎదుటి మనిషి వెళ్ళిపోయాక వస్తాయి. ఇంటి ఓనరు వచ్చి, "ఏం బాబూ, కుళాయి బాగానే వస్తోందా?" అనడిగితే, ఆయన మెట్లు దిగి, గేటు వేసుకుని, సందు మలుపు తిరిగాక "రావట్లేదండీ" అంటాడు. నేను విన్నాను కాబట్టి చెప్తున్నా.

కింద నాది బట్టలుతికే షాపు. ఆరు మెషిన్లు, రెండు బల్లలు. జనం బట్టలు తెచ్చి వేసుకుని, నలభై నిమిషాలు బల్ల మీద కూర్చుని, ఉతికినవి తీసుకుని పోతారు. పైన గదిలో వాడు. అంటే వాడి జీవితమంతా నా నెత్తి మీదే జరిగింది. అందుకే నాకు తెలీని సంగతి లేదు.

వాడొక ఆట ఆడేవాడు. కంప్యూటర్లో. "రాతిదీవులు" దాని పేరు. ఎక్కడెక్కడి వాళ్ళో వేలమంది ఒకేసారి అందులోకి వచ్చి, తలా ఒక వేషం వేసుకుని, తలా ఒక పేరు పెట్టుకుని, రాక్షసుల్ని చంపుకుంటూ తిరుగుతారు. మనవాడి పేరు అందులో ఇనపముక్కు. ఇంట్లో ఈగని కూడా గుడ్డతో విదిలించి పంపే మనిషి, అక్కడ గొడ్డలి పట్టుకుని తిరిగేవాడు. నేనెప్పుడు పైకెళ్ళినా ఆ గొడ్డలి ఊరికే భుజం మీద ఉండేది. ఎవణ్ణీ నరికేవాడు కాదు. పడవలో కూర్చునుండేవాడు.

ఆ పడవ గురించి చెప్పాలి మీకు, కథంతా దాని చుట్టూనే. ఆటలో ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోవాలంటే రేవులో పడవెక్కాలి. గడియారం చూసి పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో రాక్షసుడు రాడు, తుఫాను రాదు, చెయ్యడానికి ఏ పనీ లేదు. నీళ్ళు, పడవ, ఎక్కిన నలుగురూ. ఇంకేం చేస్తారు? మాట్లాడుకుంటారు. టైపు కొట్టి. టైపు కొట్టే చోట మా తమ్ముడికి దిగుల్లేదు, ఆలోచించుకునే తీరికుంటుంది కదా. ఎదుటివాడు సందు మలుపు తిరిగేలోపు మాట చేరుతుంది.

అలా దొరికాడు వాడికి చిల్లుగొడుగు. అది కూడా ఆటలో పేరే. నాలుగేళ్ళు రోజూ సాయంత్రం షాపు మూసొచ్చి, ఆ పడవలో అటూ ఇటూ తిరిగారిద్దరూ. ఆయన లిఫ్టులు రిపేరు చేస్తాడట. ఎడమ మోకాలు నొప్పట. ప్లాస్టిక్ గ్లాసులో టీ తాగితే పడదట. ఇవన్నీ నాకు తెలుసు, మావాడు దిగొచ్చి బట్టలు మడతపెడుతూ చెప్పేవాడు. వాడి నోటి నుంచి మనిషి ఎదురుగా ఉండగా వచ్చిన మాటలు అవే.

"ఆయన పేరేంట్రా?" అనడిగాను ఒకసారి.

"తెలీదు."

"ఏ ఊరు?"

"పడవలో అవి అడగరక్కా. పద్ధతి కాదు."

"ఫోన్ నంబరు?"

వాడు నా వైపు ఎలా చూశాడంటే, నేనేదో ఆయన పళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టమన్నట్టు చూశాడు. అదీ వీళ్ళ తెలివి. మోకాలి నొప్పి ఏ మెట్టు దగ్గర మొదలవుతుందో తెలుసు, మనిషి పేరు తెలీదు. ఇంత పద్ధతైన మూర్ఖుల్ని నేనెక్కడా చూడలేదు.

ఆరేళ్ళ కిందట కంపెనీ ఆటని మార్చేసింది. కొత్త ఆటలో మనుషులు పక్షులెక్కి ఎగురుతారు, పడవ తీసేశారు. రేవు ఉన్న చోట టోపీల దుకాణం పెట్టారు. టోపీలు! గొడ్డళ్ళు పట్టుకుని తిరిగే వాళ్ళకి. చివరి రోజు చిల్లుగొడుగు రాసిన మాట మా తమ్ముడు కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాడు: "రేవు మళ్ళీ ఎప్పుడొచ్చినా నేను రేవు మీదే ఉంటా."

అక్కడి నుంచి మొదలైంది వాడి ఆరాటం. ఆ ఆట మళ్ళీ పాతది పాతగా రావాలి, రేవు రావాలి, రేవు మీద ఆ మనిషి ఉండాలి. ఇంకేం అక్కర్లేదు వాడికి.

వాడొక్కడే కాదు. వేలమంది ఏడుస్తున్నారట పాత ఆట కోసం. అందరూ కలిసి ఇంటర్నెట్లో ఒక గుంపు కట్టారు. కంపెనీ వాళ్ళే స్వయంగా పాత ఆటని వేరే సర్వర్ మీద నడపాలని అర్జీ. సర్వర్ అంటే కంపెనీ దగ్గరుండే పెద్ద కంప్యూటరట, ఆట మొత్తం దాని కడుపులో ఉంటుందట. పాత ఆట నడిపేదాన్ని క్లాసిక్ సర్వర్ అంటారట. బట్టతలలు వచ్చి, బొజ్జలు వచ్చి, పిల్లలకి పెళ్ళీడు వచ్చిన మగాళ్ళు "మా ఆట మాకివ్వండి" అని కంపెనీ గుమ్మం ముందు బొమ్మ లాక్కున్న పిల్లల్లా గొంతు చించుకోవడం! కంపెనీకి చీమ కుట్టినట్టైనా లేదు. ప్రతి అర్జీకీ ఒకటే జవాబు: "మీ అభిమానానికి ధన్యవాదాలు. మా కొత్త టోపీలు చూశారా?" కింద ఒక టోపీ బొమ్మ.

"ఎవరో ఇళ్ళల్లో పాత ఆట నడుపుతున్నారంటగా, దొంగచాటుగా? అందులో ఆడుకోవచ్చుగా," అన్నాను.

"మూడు చూశానక్కా. ఒకటి మధ్యలో మూసేశారు. ఇంకోదాంట్లో ఓనరు వాళ్ళ బావమరిదికి ఆటలో అడుగుపెట్టగానే రాజు కత్తి ఇచ్చేశాడు."

"ఇస్తే నీకేం? నీకు కావాల్సింది పడవేగా?"

"చిల్లుగొడుగు రాడు అలాంటి చోటికి. తనిఖీ చీటీ అంటించని లిఫ్టు ఎక్కడాయన. కంపెనీ ముద్ర ఉండాలి."

ఇంకేమంటాం? గోడకి చెప్పినట్టే.

ఆ అర్జీ గుంపుకి ఒక నాయకుడు. సేనాపతి అంటారు. బాత్‌రూం టైల్స్ అమ్ముతాడు, మా వీధికి రెండు వీధుల అవతలే షాపు. ఒక ఆదివారం పొద్దున ఆయనా, ఇంకో ఎనిమిది మందీ కూడబలుక్కుని నా షాపుకే వచ్చారు. బల్లలున్నాయని. కొత్త సర్వర్లో ఏమేం మార్చకూడదో జాబితా రాయడానికట. మూడువందల పన్నెండు అంశాలు. ఆటలో ఉన్న తప్పులు కూడా తప్పుల్లాగే ఉండాలట. ఒక మేక గోడలో ఇరుక్కుపోయేదట పాత ఆటలో, ఆ మేక మళ్ళీ ఇరుక్కోవాలట. దాని మీద అరగంట మాట్లాడారు. మెషిన్లో దుప్పట్లు వేసుకున్న ఒకావిడ వాళ్ళ వైపు చూసి, "వీళ్ళు పశువుల డాక్టర్లా?" అంది నాతో.

"కాదమ్మా, వీళ్ళకే డాక్టరు కావాలి," అన్నాను.

పడవ దగ్గరికొచ్చేసరికి అందరూ బల్లల అంచుకి జరిగారు. సేనాపతి గుండె మీద చెయ్యేసుకున్నాడు. "పడవే కదా బాబూ ఆటంటే! ఎంతమందిని కలిపింది! పడవ జోలికొస్తే నా ప్రాణం జోలికొచ్చినట్టే!" తొమ్మిది తలకాయలూ ఊగాయి. పన్నెండు నిమిషాలని ఒకడు, పదేనని ఇంకొకడు, కాలర్లు పట్టుకునేదాకా వచ్చారు.

అప్పుడు మా తమ్ముడు, మూల సబ్బు డబ్బాల పక్కన నిలబడ్డవాడు, నోరు తెరిచాడు. "పదకొండు."

అందరూ తిరిగి చూశారు.

"పదకొండు," అన్నాడు మళ్ళీ. "నాలుగేళ్ళు రోజూ ఎక్కాను."

సేనాపతి రాసుకున్నాడు. పదకొండు. తొమ్మిదిమంది ఎదురుగా ఉండగా, ఎవరూ మెట్లు దిగకముందే, మా తమ్ముడు ఒక మాట చెప్పాడు, దాన్ని కాగితం మీద పెట్టారు. ఆ రోజు వాడు మెట్లు రెండేసి ఎక్కాడు పైకి. నాకు నవ్వొచ్చింది, ఎందుకో కళ్ళు కూడా చెమ్మగిల్లాయి, సబ్బు పొడి పడిందనుకోండి.

ఏమైందో ఏమో, కంపెనీ ఒప్పుకుంది. గిరాకీ వాసన తగిలుంటుంది. మూడువందల పన్నెండు అంశాలూ యథాతథం, మేకతో సహా. ఒక ఆదివారం మధ్యాహ్నం తెరిచారు. మా తమ్ముడు పద్నాలుగేళ్ళలో మొదటిసారి మూడు రోజులు సెలవు పెట్టాడు. షాపులో ఆ ముందు గది అమ్మాయి నా దగ్గరికొచ్చి, "లోపలాయనకి ఒంట్లో బాలేదా అండీ?" అనడిగింది. అప్పుడు తెలిసింది, పద్నాలుగేళ్ళుగా వాడక్కడ లోపలాయన.

వాడేమో తిన్నగా రేవుకి పోయి నిలబడ్డాడు. మిగతావాళ్ళు ఏం చేశారో తెలుసా? పరుగు. ఏ రాక్షసుణ్ణి ఎప్పుడు చంపితే ఎంత తొందరగా లెవెల్ పెరిగి పెద్దవాళ్ళైపోతారో ముందే పట్టికలు తయారు చేసుకుని కూర్చున్నారట. ఆరేళ్ళు ఏడ్చి తెచ్చుకున్న ఆటని తొమ్మిది రోజుల్లో తినేశారు. అలా కూరగాయలు తరిగే మనిషిని కూడా నేను పనిలో పెట్టుకోను.

పడవ వచ్చేది. మావాడు ఎక్కేవాడు. పడవ నిండా జనం, పేరు మీద పేరు పడి ఒక్కటీ చదవలేనట్టు, కర్రల్లా నిలబడి. "నమస్కారం" అని టైపు కొట్టేవాడు. ఎవడూ పలికేవాడు కాదు. పడవెక్కించి, ఆ పదకొండు నిమిషాలూ ఇంకో ఫోన్‌లో ఇంకేదో చూసుకోవడానికి పోయేవారట. అంటే పడవలో బొమ్మలున్నాయి, మనుషులు లేరు. వారం రోజుల తర్వాత ఒక్కడు జవాబిచ్చాడు: "నువ్వు మనిషివా, మెషిన్‌వా?"

"మనిషినే" అని వాడు కొట్టేసరికి అవతలివాడు దిగిపోయాడు.

చిల్లుగొడుగు జాడ లేదు. "పని ఒత్తిడేమో," అనేవాడు మా తమ్ముడు. "వర్షాల్లో లిఫ్టులు ఎక్కువ చెడతాయి." వర్షాలు పోయి చాలా రోజులైంది.

ఇరవయ్యో రోజో ఏమో, సాయంత్రం మెట్లు దబదబా దిగొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, పడవ తీసేస్తారట."

"ఎవరు, కంపెనీనా?"

"కాదు. మావాళ్ళే. పదకొండు నిమిషాలు మరీ ఎక్కువ, పదిహేను సెకండ్లు చెయ్యండని అర్జీ. కంపెనీ ఓటింగు పెట్టింది. అర్జీ రాసింది సేనాపతి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా షాపులో, నా బల్ల మీద కూర్చుని, నా సబ్బు డబ్బాల సాక్షిగా గుండె మీద చెయ్యేసుకున్నాడు కదా ఆ మనిషి! "పద," అన్నాను. "ఎక్కడికి?" అన్నాడు. "టైల్స్ కొనడానికి," అన్నాను.

సేనాపతి షాపులో గోడలన్నీ బాత్‌రూమే. నీలం పువ్వులు, తెల్ల పువ్వులు, చేపలు. ఆయన స్టూలు మీద కూర్చుని, కౌంటరు కింద ఫోన్ పెట్టుకుని ఆడుతున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. "రండి అక్కగారూ! నేలకా, గోడకా?"

"పడవకి," అన్నాను.

మా తమ్ముడు ముందుకొచ్చాడు. చేతులు ప్యాంటు జేబుల్లో, జేబులో స్క్రూడ్రైవర్‌ని తిప్పుతూ ఉన్నాడు. అయినా మాట్లాడాడు. "మీరే అన్నారు కదండీ. పడవ జోలికొస్తే ప్రాణం జోలికొచ్చినట్టే అని."

"అన్నాను తమ్ముడూ, కాదన్లేదు. కానీ పదకొండు నిమిషాలంటే... అప్పుడంటే మనకి పనీపాటా లేదు. ఇప్పుడు ఎంత టైం వేస్టు చెప్పు?"

"ఇప్పుడు కూడా ఆటే కదండీ ఆడుతున్నారు," అన్నాను నేను. "ఆట ఆడ్డానికి తొందరేంటి? అక్కడేమన్నా మీ టైల్స్ పగిలిపోతున్నాయా?"

"మీకు అర్థం కాదులెండి అక్కగారూ."

"అర్థమయ్యే చెప్తున్నా. పాతది కావాలన్నారు, ఇచ్చారు. ఇప్పుడు పాతదాన్ని కొత్తదానిలా చెయ్యమంటున్నారు. ఆ టోపీలు కూడా అడగండి, సరిపోతుంది."

ఆయన మొహం ముడుచుకుని ఫోన్ మా ముందు పెట్టాడు. "నేనొక్కణ్ణే అన్నట్టు మాట్లాడతారేంటి? చూడండి ఎంతమంది సంతకం పెట్టారో."

పేర్లు. మా తమ్ముడు వంగి చూశాడు. మొదటిది సేనాపతి. రెండోది ఎవరో. మూడోది చిల్లుగొడుగు.

వాడు కళ్ళజోడు తీశాడు. గుడ్డతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఈయన..." అన్నాడు. "ఈయన వచ్చాడా?"

"చిల్లుగొడుగా? మొదటి రోజే వచ్చాడు! నా దళమే. ఎనిమిదో రోజుకే చివరి లెవెల్‌కి వెళ్ళిపోయాడు, మాలో అందరికన్నా స్పీడు ఆయనే. పడవెక్కినప్పుడల్లా తిడతాడు, అసలు ఈ అర్జీ ఐడియా ఆయనదే. ఏం, తెలుసా నీకు?"

మా తమ్ముడు తల ఊపాడు. సేనాపతికి ఉత్సాహం వచ్చింది, అపరాధం మొహాన్నించి జారిపోయింది కదా. "ఇప్పుడు లైన్లోనే ఉన్నాడు, మాట్లాడిస్తా ఉండు," అని ఏదో నొక్కాడు. ఫోన్లోంచి మనిషి గొంతు. వెనకాల కత్తుల చప్పుడు.

"చెప్పు సేనాపతీ."

"ఇక్కడ నీ పాత ఫ్రెండు ఉన్నాడు గురూ. ఇనపముక్కు."

"ఎవరూ?"

"ఇనపముక్కు!"

అవతల కత్తులు రెండు మూడు సార్లు మోగాయి. "ఏమో, గుర్తు రావట్లేదు. లెవెల్ ఎంత?"

సేనాపతి మా తమ్ముడి వైపు చూశాడు. వాడు ఫోన్ దగ్గరికి వంగి, ఎంతో మర్యాదగా, "పద్నాలుగండీ," అన్నాడు.

"పద్నాలుగా?" ఆ గొంతు నవ్వింది. "ఇన్నాళ్ళూ ఏం చేశావు బాబూ?"

రేవు మీద నిలబడ్డాడయ్యా, నీకోసం, అని నా నోటిదాకా వచ్చింది. మా తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, ఫోన్‌తో, "మోకాలు ఎలా ఉందండీ?" అనడిగాడు.

కత్తుల చప్పుడు ఆగింది.

"ఆపరేషన్ అయింది," అన్నాడాయన. గొంతు కొంచెం తగ్గింది. అంతలోనే వెనకాల ఎవడో అరిచాడు, ఈయన మళ్ళీ హుషారైపోయాడు. "సరే సరే, ఇక్కడ రాక్షసుడు పడిపోతున్నాడు. నలభై దాటాక చెప్పు, దళంలో చూద్దాం." పెట్టేశాడు.

చూద్దామట! అద్దాలు కోసే చెయ్యి మావాడిది. వెంట్రుకవాసి తేడా వస్తే జనం కళ్ళు తిరిగి పడతారు, పద్నాలుగేళ్ళలో ఒక్క జోడు తిరిగి రాలేదు. ఆ మనిషిని దళంలో చూస్తాడట, మెట్టు మెట్టుకీ మోకాలు పట్టుకుని ఏడ్చిన లిఫ్టాయన!

నేనూ వాడూ ఇంటికి బయల్దేరాం. సందు మలుపు తిరిగాక, "గుర్తొచ్చింది ఆయనకి," అన్నాడు. "ఆగాడు చూశావా? గుర్తొచ్చింది." ఇంకో పది అడుగులు వేశాక, "గుర్తొచ్చినా పెట్టేశాడు," అన్నాడు.

ఓటింగులో పడవ ఓడిపోయింది. మామూలుగా కాదు, చిత్తుగా. మార్చే ముందు రోజు సాయంత్రం వాడు ఒకసారి పడవెక్కి, పదకొండు నిమిషాలూ కూర్చుని, దిగి, కంప్యూటర్ కట్టేశాడు. గోడ మీది కాగితం తీసి, చెత్తబుట్టలో వెయ్యలేదు, స్క్రూల డబ్బా అడుగున పరిచాడు. స్క్రూలు దొర్లకుండా పనికొస్తుందట.

ఆ సర్వర్ ఇప్పుడు ఖాళీ అయిపోయిందట. పడవ పదిహేను సెకండ్లైంది, కొండలెక్కడం కష్టమన్నారు, కొండలు తగ్గించారు. ఆ మేక పాపం గోడలోంచి బయటికొచ్చిందట, దానికొక్కదానికే మంచి జరిగింది. మూడు నెలల్లో ఆడేవాడు లేడు. సేనాపతీ వాళ్ళూ కొత్త అర్జీ మొదలుపెట్టారని విన్నాను. ఇంకా పాతది కావాలట, ఇది అసలు పాతది కాదట. కంపెనీ టోపీ బొమ్మ పంపింది. ఈసారి మాత్రం నేను కంపెనీ పక్షం.

మా తమ్ముడు సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలీక, ఒకరోజు నాలుగు చొక్కాలు పట్టుకుని కిందికొచ్చాడు. మెషిన్లో వేసి బల్ల మీద కూర్చున్నాడు. అక్కడ కూర్చున్న వాళ్ళంతా ఫోన్లలో తలలు దూర్చారు, పడవలో జనం లాగే. ఒక్కావిడ తప్ప. స్కూల్లో గంట కొట్టే పని చేసి రిటైరైన పెద్దావిడ, వారం వారం వస్తుంది. కళ్ళజోడు ఒకపక్క వేలాడుతుంటే చేత్తో ఎత్తి పట్టుకుని కూర్చుంది.

వాడు చూశాడు. చూసి, నేల చూశాడు. మళ్ళీ చూశాడు. నేను లెక్కపెడుతున్నా మనసులో, ఈవిడ వెళ్ళాక అంటాడు, ఈవిడ వెళ్ళాక అంటాడు అని.

"ఇటివ్వండి," అన్నాడు.

ఆవిడ ఇచ్చింది. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి బిగించాడు. అద్దం వెలుతురుకి ఎత్తి పట్టుకుని అంచు చూశాడు. "ఇది నేను కోసిందే," అన్నాడు.

"నువ్వా!" అంది ఆవిడ. "నీకోసమే వెతుకుతున్నా రెండేళ్ళుగా. ఎడమ పక్క అంచు గుచ్చుతోంది. ఆ షాపు అమ్మాయికి చెప్తే ఫ్రేము మార్చుకోమంటుంది. అదేం కోయడం నాయనా?"

పద్నాలుగేళ్ళలో వాడి పనికి వచ్చిన మొదటి ఫిర్యాదు అది. వాడి మొహం చూడాలి మీరు. ఎవరో దండ వేసినట్టుంది.

"గుచ్చదండీ. నేను కోస్తే గుచ్చదు. మీ ముక్కే కాస్త పక్కకుంది."

"నా ముక్కా? డెబ్భై ఏళ్ళుగా దీన్ని ఎవడూ ఒక్క మాట అన్లేదు!"

"అద్దంలో చూసుకోండి."

"నువ్వు కోసిన అద్దంలోనా?"

ఇక ముక్కు మీద, అంచు మీద, ఆవిడ గంట మీద, వీడి మెషిన్ మీద, ఒకటే వాదన. మధ్యలో ఆవిడకి మేక సంగతి కూడా చెప్పాడు, ఆవిడ "అయ్యో, దానికి మేత ఎవరు పెట్టేవారు?" అంది. మెషిన్ మూడుసార్లు కూసింది. ఇద్దరూ లేవలేదు. వెనక ఇంకొకావిడ మెషిన్ కోసం నిలబడి నన్ను చూస్తోంది.

ఏం చేస్తాను, వాళ్ళిద్దరి బట్టలూ నేనే తీసి మడతపెట్టాను.